పాఠకుల ప్రశ్నలు: "పోర్ట్ టెన్" అంటే చెయ్యి కుడికి పోతోంది

ప్రశ్న: సార్, మాది ఉప్పాడ, వేటకెళ్లే కుటుంబం. చిన్నప్పట్నుంచీ నాన్నతో బోటెక్కినవాణ్ణి, ఇంజిన్ హ్యాండిల్ పట్టడం బాగా వచ్చు. ఇప్పుడు జీపీ రేటింగ్, అంటే ఓడలో ఆఫీసర్ల కింద పనిచేసే సిబ్బంది ఉద్యోగం, దాని ట్రైనింగ్‌లో ఉన్నా. మొన్న సిమ్యులేటర్ మీద నన్ను వీల్ దగ్గర నిలబెట్టి "పోర్ట్ టెన్" అన్నారు, అంటే చుక్కాని ఎడమకి పది డిగ్రీలు, నేనూ గట్టిగా "పోర్ట్ టెన్" అన్నా, కానీ వీల్ స్టార్‌బోర్డ్‌కి, అంటే కుడికి తిప్పేశా. రెండుసార్లు అదే. సముద్రం ఒడ్డున పుట్టినోడివి నీకే రాకపోతే ఎవరికొస్తుంది అని అందరూ నవ్వారు. నేను ఈ పనికి పనికిరానా?

జవాబు: తమ్ముడూ, నీకు రాకపోవడం కాదు, నీ చేతికి వేరేది బాగా వచ్చేసింది, అదీ సంగతి. బోటులో హ్యాండిల్ కుడికి తోస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది కదా, ఇన్నేళ్లు అదే చేసిన చెయ్యి, ఎడమకి అని చెవిలో పడగానే దానంతటదే కుడికి పోతుంది. ఓడ వీల్ అలా కాదు, కారు స్టీరింగ్ లాంటిదే, ఎడమకి తిప్పితే చుక్కానీ ఎడమకే, ముక్కూ ఎడమకే.

నవ్వినవాళ్లకి ఇది కూడా చెప్పు. ఈ తికమక పెద్ద పెద్ద ఓడల్లోనే చాలాకాలం ఉంది. చుక్కానికి కర్ర ఉన్న రోజుల్లో ఆర్డర్ ఆ కర్రని బట్టి ఇచ్చేవాళ్లు, స్టార్‌బోర్డ్ అంటే కర్ర కుడికి తొయ్యమని, అంటే ఓడ ఎడమకి పోతుంది. తర్వాత వీల్ వచ్చినా మాట మారలేదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మీద మంచుకొండ కనపడగానే మర్డాక్ అనే ఆఫీసర్ ఇచ్చిన ఆర్డర్ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్", ఓడ తిరిగింది మాత్రం ఎడమకి, అది పొరపాటేం కాదు, అప్పటి పద్ధతే అది. 1929లో లండన్‌లో జరిగిన ఒప్పందంలో దీన్ని మార్చాలనుకుంటే బ్రిటిష్ ఓడల్లో 1933 జనవరి 1 నుంచి అమలైంది. అప్పటికే ఏళ్ల తరబడి పాత పద్ధతిలో వీల్ పట్టినవాళ్లు రాత్రికి రాత్రి మారాల్సొచ్చింది, నువ్వు ఇప్పుడు చేస్తున్నదీ అదే.

ఇక ఎలా మారాలంటే, ఆర్డర్ వినగానే చెయ్యి ఎటు అని ఆలోచించకు, ముక్కు ఎటు అని ఆలోచించు. పోర్ట్ అంటే ముక్కు ఎడమకి. ముందు నోటితో తిరిగి చెప్పు, చెప్పడం పూర్తయ్యేదాకా చెయ్యి కదపకు. ఆ తర్వాత తిప్పు, తిప్పాక చూపు వీల్ మీద కాదు, చుక్కాని ఎంత తిరిగిందో చూపించే పైనున్న రడర్ యాంగిల్ ఇండికేటర్ మీద పెట్టు, ముల్లు నిజంగా ఎడమ పది దగ్గర ఆగాకే "వీల్ ఈజ్ పోర్ట్ టెన్ సార్" అని చెప్పు. నువ్వు గట్టిగా రిపీట్ చేసి కూడా తప్పు ఎందుకు చేశావంటే నోరు ఒకటి చెప్పింది, చెయ్యి ఇంకొకటి చేసింది, మధ్యలో కన్ను చూడలేదు. రిపీట్ చేస్తే ఆఫీసర్ చెప్పింది నీకు సరిగ్గా వినపడిందని తెలుస్తుంది అంతే, నువ్వు సరిగ్గా చేశావో లేదో చెప్పేది ముల్లే.

రాత్రిపూట హాస్టల్లో ఒక స్టీలు పళ్లెం పట్టుకుని కూర్చో, ఫ్రెండ్‌ని ఆర్డర్లు ఇవ్వమను. మిడ్‌షిప్స్ అంటే చుక్కాని సున్నా మీదకి. పోర్ట్ ఫైవ్, టెన్, ఫిఫ్టీన్ అలా అయిదేసి డిగ్రీలు పెరుగుతూ ట్వంటీ ఫైవ్ దాకా, ఆ పైన హార్డ్ ఎ పోర్ట్ అంటే పూర్తిగా, మామూలు ఓడల్లో అది 35 డిగ్రీలు. ఈజ్ టు ఫైవ్ అంటే ఉన్నదాన్ని అయిదుకి తగ్గించమని. ఇవన్నీ రెండు రోజుల్లో వచ్చేస్తాయి.

కష్టమైంది తర్వాతది. "పోర్ట్ టెన్" అంటే చుక్కాని పది డిగ్రీలు, ఇంకో ఆర్డర్ వచ్చేదాకా అలాగే ఉంచాలి. "పోర్ట్, స్టీర్ జీరో వన్ జీరో" అంటే ఎడమకి తిరిగి కంపాస్ మీద 010కి వచ్చి అక్కడ నిలబెట్టమని, చుక్కాని ఎంత పెట్టాలో నీ ఇష్టం. అందుకే కోర్సు, అంటే ఓడ పోవాల్సిన దిక్కు, చెప్పేటప్పుడు సున్నాతో సహా అంకెలు విడివిడిగా పలుకుతారు, కోణం మాత్రం టెన్, ఫిఫ్టీన్ అని కలిపి పలుకుతారు, ఆ తేడా చెవికి పట్టాలి. అనుమానం వస్తే మళ్లీ అడుగు, అడిగినందుకు ఏ మంచి ఆఫీసరూ కోప్పడడు.

నేను మొదట్లో చేసిన తప్పు చెప్తా విను. కోర్సు అంకె వచ్చేదాకా చుక్కాని అలాగే ఉంచేవాణ్ణి, లోడుతో ఉన్న ఓడ అక్కడ ఆగుతుందా, ఆ ఊపులో దాటిపోయేది, కంగారుగా ఎదురు తిప్పితే ఇటు దాటిపోయేది, వెనక నీళ్లమీద గీత పాములా వంకర్లు. అంకె రాకముందే చుక్కాని తగ్గించి, కొంచెం ఎదురు పెట్టి ఊపు చంపాలి, "మీట్ హర్" అనే ఆర్డర్ అర్థం అదే. ఎన్ని డిగ్రీల ముందు అనేది ప్రతి ఓడకీ వేరు, లోడుకీ వేరు, లోతు తక్కువైన చోట ఇంకా మొండికేస్తుంది. ఇంకోటి, కంపాస్ కార్డు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కానీ కార్డు ఉన్నచోటే ఉంటుంది, లబ్బర్ లైన్ అనే గీత ఓడతోపాటు జరుగుతుంది. గీతని అంకె దగ్గరకి తీసుకెళ్తున్నా అనుకో, చెయ్యి తప్పదు.

"స్టెడీ యాజ్ షి గోస్" అనగానే ఆ క్షణంలో కంపాస్ మీదున్న అంకె పైకి చెప్పి దాన్నే పట్టుకోవాలి, కాసేపయ్యాక చూసిన అంకె కాదు.

ప్రశ్న: మా తమ్ముడు కూడా ఇదే ట్రైనింగ్‌లో ఉన్నాడండీ. ఓడల్లో ఆటోపైలట్ ఉంటుందంటారు, మరి ఇదంతా ఇంకా ఎందుకు నేర్పుతున్నారు? - ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నడి సముద్రంలో ఆటోపైలటే తిప్పుతుందమ్మా. కానీ సింగపూర్ జలసంధి, సూయజ్ కాలువ, మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి హార్బర్‌లోకి వెళ్లే ఛానెల్, ఇలాంటి చోట్ల మనిషే వీల్ పట్టాలి. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్ నైరుతి మూల రాళ్ల మధ్య నుంచి పోతుంటే ఆఖరి నిమిషాల్లో వీల్ తిప్పారు, ఓడ తిరగలేదు. స్టీరింగ్‌ని ఆటోపైలట్ నుంచి చేతికి మార్చే లివర్ చేత్తో తిప్పే పొజిషన్‌లో లేదు. అది కనిపెట్టి సరిచేసేసరికి ఆలస్యమైపోయింది, రాయి ఎక్కేసింది, లక్ష టన్నుల పైన క్రూడ్ ఆయిల్ ఉంది అందులో.

అందుకే మీ తమ్ముడికి ఇది చెప్పండి. వీల్ చేతిలోకి తీసుకోగానే లివర్ ఎక్కడుందో చూసుకోవాలి, అటూ ఇటూ కాస్త తిప్పి ముల్లు కదులుతోందో లేదో చూడాలి. వీల్ తిప్పినా ఓడ తిరగట్లేదనిపిస్తే ఇంకాస్త చూద్దాం అని ఊరుకోకుండా ఆ క్షణమే గట్టిగా అరిచి చెప్పాలి. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతివాడికి ఇచ్చిన కోర్సు ఏంటి, ఓడ ఎటు లాగుతోంది, ఎంత చుక్కాని పెడితే నిలబడుతోంది, ఈ మూడూ చెప్పి, వాడు కోర్సు తిరిగి చెప్పాకే చెయ్యి వదలాలి.