ఆకాశరామన్న ఉత్తరం వచ్చినప్పుడు

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మీద జోనల్ ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళిందనీ, దాని నకలు నీ బ్రాంచికీ వచ్చిందనీ మీ నాన్న చెప్పాడు. ప్రభుత్వ బ్యాంకులో మేనేజరు కుర్చీ ఎక్కాక ఇవి తప్పవు. లోను ఇవ్వనన్నా వస్తాయి, ఇచ్చినా వస్తాయి. పక్కవాడికిచ్చి వీడికివ్వకపోతే ఇంకా తొందరగా వస్తాయి. ఎవడు రాశాడన్నది పక్కన పెట్టు. ఏం రాశాడన్నదే నీకు పని.

ముందు ఆ కాగితం సంగతి చూడు. చాలామంది ఉత్తరం దాచి కవరు చెత్తబుట్టలో పడేస్తారు. ఏ పోస్టాఫీసు, ఏ తేదీ అని తెలిపే ముద్ర ఉండేది కవరు మీదే. స్టాంపు లేకుండా ఎవరో బల్ల మీద పెట్టి పోయినదైతే ఆ రోజు సీసీ కెమెరా ఫుటేజీ తీసిపెట్టమని వెంటనే మెయిలు రాయి. ఆలస్యమైతే దాని మీద కొత్త రికార్డింగు పడి చెరిగిపోతుంది. ఉత్తరాన్నీ కవరునూ అంచులు పట్టుకుని ఎత్తి, రెండు వైపులా ఫోటో తీసి, పెద్ద కాగితపు కవర్లో పెట్టు. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. పంచింగ్ మిషనుతో కన్నాలు పెట్టొద్దు, పిన్ను కొట్టొద్దు, ఒరిజినల్ మీద గీతలు గీయొద్దు. ప్యాడు మీద రాసేటప్పుడు పై కాగితం మీది ఒత్తిడి కింది కాగితంలో దిగుతుంది. మన కంటికి ఆనదు గానీ ల్యాబులో చదవగలరు. దాని మీద నీ పెన్ను నడిస్తే అదీ పోతుంది. వచ్చిన ఉత్తరాలకు వేసే ఇన్‌వర్డు ముద్ర కూడా విడి కాగితం మీద వేసి, ఎవరు విప్పారో, ఏ రోజు, ఎన్ని గంటలకో రాసి జతచెయ్యి.

అడుగున నకళ్ళ జాబితా చూసి కంగారుపడకు. ప్రధానమంత్రి దగ్గర్నుంచి కలెక్టరు దాకా పేర్లు వేస్తారు. వేసినవన్నీ పంపరు, ఒక్కో కవరుకూ స్టాంపు కొనాలి మరి.

ఇప్పుడు జెరాక్సు ముందు పెట్టుకుని పెన్సిల్ తీసుకో. తిట్లన్నీ కొట్టేయి. మిగిలినదాంట్లో ఖాతా నంబరు, తేదీ, మొత్తం, మనిషి పేరు ఉన్న వాక్యాలకు చుట్టూ గీయి. రెండు పేజీల ఉత్తరంలో అవి నాలుగైదు వాక్యాలకు మించవు. వాటి ఫైళ్ళు ఆ రోజే తెప్పించుకో. డ్వాక్రా గ్రూపు లోనులో సభ్యులకు తెలియకుండా డబ్బు తీశారని ఉంటే తీర్మానం మీది సంతకాలూ వేలిముద్రలూ, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్ళిందో చూడు. బంగారం తక్కువ తూకం అని ఉంటే ఆ సంచులు ఇద్దరు తాళందారుల ఎదుట తీయించి, వేరే అప్రయిజరు (బంగారం విలువ కట్టేవాడు) చేత తూయించి, మొత్తం బరువూ రాళ్ళు పోను నికర బరువూ రిజిస్టరుతో సరిపోల్చు. పాత అప్రయిజరునే పిలిస్తే ఆ తూకానికి విలువ ఉండదు.

లోపం కనపడిందనుకో. ఇక్కడే ఉద్యోగాలు పోతాయి. ఒక సంతకం తక్కువైందని ఆ రాత్రి పిలిపించి పాత తేదీతో పెట్టించేస్తారు. అంతవరకు అది అజాగ్రత్త, అప్పటినుంచి ఫోర్జరీ. కంప్యూటర్లో ఎవరు ఎన్ని గంటలకు ఏ ఖాతా తెరిచారో అంతా నమోదై ఉంటుంది. లోపాన్ని లోపంగానే ఉంచి, అడగకముందే పైవాళ్ళకు రాసి పంపు, ఆ తర్వాతే సరిదిద్దు.

నియమం నీ వైపే ఉంది. పేరూ ఊరూ లేని ఫిర్యాదు మీద ఏ చర్యా వద్దని, అవినీతి ఫిర్యాదులు చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్‌లో చెప్పింది. సరిచూడదగిన వివరాలుంటే తమ అనుమతితో విచారించవచ్చని 2002లో కాస్త వదులిచ్చి, 2014 నవంబరులో ఆ వదులు తీసేసింది. వేరే ఎవరి పేరో పెట్టి రాసినదైతే ఆ చిరునామాకు ‘ఇది మీరు రాసిందేనా’ అని అడుగుతారు. 15 రోజులు చూసి మళ్ళీ గుర్తుచేస్తారు. ఇంకో 15 రోజులకూ జవాబు లేకపోతే ఫైలు మూసేస్తారు. అలాగని నిశ్చింతగా పడుకోకు. కాగితం మూలపడినా చదివినవాడు మరిచిపోడు. ఇన్‌స్పెక్షన్ ముందుకు జరుగుతుంది, ఆడిటరు వచ్చీ రాగానే ఆ ఖాతాలే అడుగుతాడు. అందుకే ఫైళ్ళు చూసుకోమంటున్నాను.

పైనుంచి వివరణ అడిగితే ఒక పేజీ దాటకూడదు. ‘3వ పేరా: లోను మంజూరైన తేదీ ఇది, సభ్యుల తీర్మానం జతచేశాను, డబ్బు గ్రూపు ఖాతాలోనే జమైంది’ అన్నంతవరకే. ‘నా ఎదుగుదల ఓర్వలేక’ అనే మాట రాశావో, చదివేవాడికి నీ కోపమే కనపడుతుంది గానీ జతచేసిన కాగితం కనపడదు. ఎవరిమీదా అనుమానం రాయకు.

అనుమానం నీకు రాకమానదు. సెలవు చీటీలు తీసి చేతిరాతలు పోల్చాలనిపిస్తుంది. రాసింది ఏ డీటీపీ సెంటర్లో కుర్రాడో, పదో తరగతి పిల్లాడో అయివుంటాడు. లోపలి వివరాలున్నాయి గనక లోపలివాడే అనుకోకు, బ్రాంచిలో మాట టీ కొట్టు దాకా పోవడానికి ఎంతసేపు? స్టాఫును కూర్చోబెట్టి ‘ఎవరో నాకు తెలుసు’ అన్నావంటే, రాయనివాడు నొచ్చుకుంటాడు, రాసినవాడికి దెబ్బ తగిలిందని తెలిసిపోతుంది. రెండో ఉత్తరం అప్పుడే బయల్దేరుతుంది. ఎవరి డ్యూటీలూ ఈ నెలలో మార్చకు.

ఆడపిల్ల మేనేజరైతే తరువాతి ఉత్తరం ఇంటికి వస్తుంది, మొగుడి పేరనో అత్తగారి పేరనో. అందుకని అల్లుడికి ఇవాళే చెప్పు, ఉత్తరం చేతికిచ్చి చదివించు. మీ అత్తగారికి అతన్నే చెప్పమను. ముందు తెలిసినవాళ్ళ మీద ఆ ఉత్తరం పనిచేయదు.

చంపుతామనో, పిల్లల జోలికొస్తామనో ఉంటే మాత్రం ఇవేవీ కాదు, ఆ పూటే స్టేషనుకు వెళ్ళు. పేరు దాచుకుని బెదిరిస్తే బెదిరింపు శిక్షకు తోడు మరో రెండేళ్ళ దాకా వేయొచ్చని భారతీయ న్యాయ సంహిత 351(4)లో ఉంది. బూతులుంటే, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలకు వర్తించే 79వ సెక్షను కూడా చూడమని పోలీసులకు చెప్పు. కొన్ని సెక్షన్లకు మేజిస్ట్రేటు అనుమతి లేనిదే దర్యాప్తు చేయరాదు. ఎస్సై అలా అంటే విసుక్కోక, జనరల్ డైరీలో రాయించుకుని నంబరు తెచ్చుకో. ఒరిజినల్ ఇచ్చేటప్పుడు నకలు మీద ముద్రా సంతకమూ తీసుకో.

ఇంకొకటి. రేపు మీ క్యాషియరు మీదే నీకు ఇలాంటిది రావచ్చు. నలుగురిలో చదవకు, వాడికి చూపించి నవ్వకు. నిజంగా చెప్పదలచినవాడు నీ దగ్గరికొచ్చి భయపడుతుంటే అక్రమాలు బయటపెట్టేవాళ్ళను కాపాడే 2004 నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం కింద విజిలెన్స్ కమిషన్‌కు రాసుకోమను. ప్రజా ప్రయోజన వెల్లడి అని కవరు మీద ఉండాలి, తన పేరూ చిరునామా కవరు మీద కాక లోపలి ఉత్తరంలోనే ఉండాలి. పేరు వాళ్ళు బయటపెట్టరు. పేరూ చిరునామా లేకపోతే మాత్రం తీసుకోరు.

ఫైళ్ళు చూశాక ఫోను చెయ్యి, వివరణ చిత్తుప్రతి చదివి వినిపించు.

పెదనాన్న