పాత 8 జీబీ ర్యామ్ పక్కన వేరే కంపెనీ 16 జీబీ వేస్తే ల్యాప్‌టాప్ పాడవుతుందా?

పాడవదు. మీరు చెప్పినదాని ప్రకారం మీది పదో తరం ఐ5, లోపల డీడీఆర్4 రకం, 2666 స్పీడుది 8 జీబీ ర్యామ్ ఒకటి ఉంది, పక్కన స్లాట్ ఖాళీ. అందులో 3200 స్పీడుది 16 జీబీ వేద్దామంటే తిరుపతిలో షాపాయన "రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి కాకపోతే మదర్‌బోర్డు కాలిపోతుంది, పాతది తీసేసి జత కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆ మాట నమ్మి డబ్బులు పోగొట్టుకోకండి. ల్యాప్‌టాప్ డీడీఆర్4 ఏ కంపెనీదైనా మామూలుగా 1.2 వోల్టుల మీదే నడుస్తుంది కాబట్టి కాలిపోయే ప్రశ్నే లేదు. డీడీఆర్3, డీడీఆర్5 అయితే గాటు వేరే చోట ఉంటుంది, స్లాట్‌లో అసలు కూర్చోదు, బలవంతం చేయకుండా ఉంటే చాలు.

మా చెల్లెలు ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసేటప్పుడు దాని ల్యాప్‌టాప్‌కి అచ్చం మీరు అడిగిన జతే వేశాను. పాతదాని స్టిక్కర్ మీద పీసీ4-2666వీ అని, కొత్తదాని మీద పీసీ4-3200ఏఏ అని ఉండేది, కంపెనీలు కూడా వేరువేరు. ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూస్తే 24 జీబీ కనిపించింది గానీ స్పీడ్ దగ్గర 2667 అని ఉంది. "3200కి డబ్బులిచ్చాం కదన్నా, మోసం చేశారా?" అని దానికి ఒకటే టెన్షన్. మోసమేమీ లేదు, కాడికి కట్టిన జోడెద్దుల్లాగా రెండూ నెమ్మదిగా నడిచేదాని వేగంతోనే నడవాలి. పైగా మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్ మామూలు డీడీఆర్4ని 2666 దాటి నడపదు, రెండూ 3200వే వేసినా అదే అంకె కనిపించేది.

సైజులు వేరైతే డ్యూయల్ ఛానల్, అంటే రెండు ర్యామ్‌లూ ఒకేసారి జతగా పనిచేసే పద్ధతి, పోతుందని కూడా అంటుంటారు, అది సగమే నిజం. ఇంటెల్ వాటిలో 8 పక్కన 16 వేస్తే పాతదాని 8, కొత్తదానిలో ఒక 8 కలిసి డ్యూయల్‌గా పనిచేస్తాయి, మిగిలిన 8 మాత్రం సింగిల్‌గా నడుస్తుంది. ఇప్పుడు మీరు ఒక్క స్టిక్ (ర్యామ్ ముక్క) మీద నడుపుతున్నారు కాబట్టి ఇదే మెరుగు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేములు ఆడేవాళ్లకైతే 8 పక్కన 8 సరిగ్గా సరిపోతుంది. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో ఉత్తుత్తి ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, వాటికి తోడు బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచేవాళ్లకి 24 జీబీనే మేలు, మా చెల్లెలికి అదే బాగా పనికొచ్చింది.

నిజంగా భయపడాల్సింది పరీక్షించకుండా వాడే స్టిక్ గురించి. చిత్తూరులో మా వీధిలో ట్యూషన్ చెప్పే సార్ ఒకాయన ఎవరి దగ్గరో పాత స్టిక్ తక్కువకి వస్తే తీసుకుని వేయించుకున్నారు. ల్యాప్‌టాప్ బాగానే ఆన్ అయ్యేది. కొన్నాళ్లకి బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే మూసుకుపోవడం, కాపీ చేసిన జిప్ ఫైళ్లు తెరుచుకోకపోవడం, మధ్యమధ్యలో మెమరీ మేనేజ్‌మెంట్ అని రాసి నీలం తెర రావడం మొదలయ్యాయి. అందరూ విండోస్ తప్పే అనుకున్నారు, మళ్లీ ఎక్కించారు కూడా. చివరికి పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం నడిపితే తెర నిండా తప్పులు చూపే ఎర్రటి వరుసలు. ఒక్కోటి విడిగా పెట్టి చూస్తే ఆ పాత స్టిక్కే చెడిపోయిందని తేలింది. ఈలోపు పిల్లల మార్కుల షీట్లు కొన్ని తెరుచుకోకుండా పోయాయి. నాకు బాధ కలిగించేది ఇదే, ర్యామ్‌లో తప్పు పడితే ఆ తప్పే మాట్లాడకుండా ఫైల్లోకి సేవ్ అయిపోతుంది, తెలిసేసరికి బ్యాకప్‌లో కూడా చెడిపోయిన కాపీనే ఉంటుంది.

అందుకే వేసిన రోజు రాత్రే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి, ఉచిత వెర్షన్ చాలు, 24 జీబీకి చాలా గంటలు పడుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకండి, స్టిక్కులు విడివిడిగా పరీక్షించండి. విడిగా రెండూ శుభ్రంగా ఉండి కలిపితేనే ఎర్రర్లు వస్తే అప్పుడు ఆ రెండింటికీ పొసగలేదని అర్థం. అరుదు గానీ జరుగుతుంది, మార్చుకుని వేరేది తెచ్చుకోవడమే.

వేసేటప్పుడు ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. స్టిక్‌ని ఏటవాలుగా, బంగారు రంగు అంచు దాదాపు కనిపించనంత లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమని పడతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉండొచ్చు, కొత్త ర్యామ్‌తో సర్దుకుంటోందన్నమాట, కంగారుపడి పవర్ బటన్ నొక్కిపట్టకండి. కొనే ముందు మీ మోడల్ ఎంత ర్యామ్ వరకు తీసుకుంటుందో కంపెనీ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

కొనే చోటు సంగతికొస్తే, మనవాళ్లు చాలామంది సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పోతారు. వేరే పార్టులకైతే నేనూ పోతాను గానీ ర్యామ్‌కి మాత్రం వద్దంటాను, పొసగకపోతే మార్చుకోవడానికి మళ్లీ అంత దూరం పోవాలి. ఊళ్లోనే తీసుకోండి, లేదా రిటర్న్ ఉన్న చోట ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. బిల్లు మీద ఎన్నాళ్లలోపు మార్చిస్తారో రాయించుకోండి. షాపులోనే వేయించుకుంటే మీ ఎదుటే విప్పమనండి, ఒకవేళ పాత 8 జీబీ తీయాల్సి వచ్చినా అక్కడే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, ఈమధ్య ర్యామ్ రేట్లు పెరిగినదాన్నిబట్టి అది ఊరికే ఇచ్చేసే వస్తువు కాదు.