అమ్మకానికి పెట్టిన ఏసీ మీ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 31. అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 27,000 జీతం. అమ్మ, భార్య, నాలుగేళ్ల బాబు. అద్దెతో కలిపి నెల ఖర్చు 21,000. గత మే నెల నుంచి ఆన్‌లైన్‌లో పాత వస్తువులు కొని, బాగు చేయించి, మళ్లీ ఆన్‌లైన్‌లోనే అమ్ముతున్నాను. 14 వస్తువుల మీద 52,000 లాభం వచ్చింది. ఆగస్టులో 1,20,000 ఎఫ్‌డీ తీసేశాను. సెప్టెంబరులో ఒక యాప్‌లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 80,000 లోన్ తీసుకున్నాను. 12 ఈఎంఐలలో నాలుగు కట్టాను. ఇప్పుడు నా దగ్గర మూడు స్ప్లిట్ ఏసీలు, ఒక ఫ్రిజ్, ఒక ల్యాప్‌టాప్, బెంగళూరు నుంచి తెచ్చిన ఒక స్కూటర్ ఉన్నాయి. విలువ 1,53,000. డిసెంబరులో అమ్మ జారిపడి చెయ్యి విరిగితే 46,000 బిల్లు అయింది. రెండో స్కూటర్ 31,000కి అమ్మి, ఆఫీసులో ఒకరి దగ్గర 15,000 చేబదులు తీసుకుని కట్టాను. సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న షాపు చూశాను, టోకెన్‌గా 5,000 ఇచ్చాను. మా ఆవిడ బంగారం ఐదు తులాలు పెట్టి రెండున్నర లక్షలు తెచ్చి షాపు తెరవమంటారా, ముద్ర లోన్‌కు వెళ్లమంటారా?

జవాబు: రెండూ వద్దు. షాపు కూడా ఇప్పుడు వద్దు.

ఇంత సూటిగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. విలువ 1,53,000 అని రాశారు. మీరు పంపిన లిస్టులో చూస్తే అవి మీరు యాడ్‌లో పెట్టిన ధరలు. కొన్నది 1,21,500కి. మీ లెక్క ప్రకారం ఎఫ్‌డీ ఎక్కడికీ పోలేదు, ఏసీలుగా, స్కూటర్‌గా మారింది, అవసరమైతే అమ్మేస్తే సరిపోతుంది. ఈ మాట నాకు కర్నూలు నుంచీ కడప నుంచీ కూడా వస్తూనే ఉంటుంది. ఒకరు కెమెరాలు, మరొకరు పాత బుల్లెట్లు. వస్తువు చేతిలో ఉంది కాబట్టి డబ్బు చేతిలో ఉన్నట్టే అనుకుంటారు. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో డిసెంబరులో మీరే చూశారు.

38,000 పెట్టి కొన్న స్కూటర్ 31,000కి ఎందుకు పోయింది? బండి బాగాలేక కాదు. ఆస్పత్రిలో రేపు పొద్దున్నే డబ్బు కట్టాలి. యాడ్ పెట్టగానే వచ్చే మెసేజీలు మీకు తెలియనివి కావు. ‘ఉందా?’ అంటాడొకడు. ‘లాస్ట్ ఎంత?’ అంటాడు ఇంకొకడు, బండి చూడకుండానే. ‘గంటలో వస్తున్నా’ అన్నవాడు ఫోనెత్తడు. నిజంగా డబ్బు పట్టుకుని వచ్చినవాడికి మీ ముఖం చూడగానే మీ తొందర అర్థమైపోతుంది. సమయం ఉన్నప్పుడు పది రోజులు ఆగి 42,000 అడగగలిగిన మనిషి, సాయంత్రం ఆరింటికి ఆస్పత్రి బయట నిలబడి 31,000కి తాళం ఇచ్చేస్తాడు. ఎఫ్‌డీ మాత్రం అలా బేరం ఆడదు. తీసిన రోజు వడ్డీలో కాస్త కోత పెట్టి అసలు మొత్తం చేతికిస్తుంది.

మీ ఇంటి ఖర్చు నెలకు 21,000. అత్యవసర నిధిగా పక్కన ఉండాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,26,000. మీరు తీసేసిన ఎఫ్‌డీ 1,20,000. ఎవరూ చెప్పకుండానే దాదాపు సరిగ్గా ఉండాల్సినంత దాచుకున్న మనిషి మీరు. నా దగ్గరకు వచ్చే పది మందిలో ఇద్దరు కూడా అలా ఉండరు. దాన్ని తీసుకెళ్లి ఆగస్టులో ఏసీల మీద పెట్టారు.

ఆ ఏసీల కథ కాస్త విడిగా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ఏసీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 38,000 ఉన్న కొత్త ఏసీ, కంపెనీ ఆ తగ్గింపును పూర్తిగా ఇస్తే, దాదాపు 35,000కి వస్తుంది. 350 సీసీ లోపు బండ్లకూ అదే తగ్గింపు. 90,000 ఉన్న కొత్త స్కూటర్ 83,000 అయితే, పాతదాన్ని పాత రేటుకు ఎవరు కొంటారు? మీరు ఒక్కోటి 17,000 చొప్పున తెచ్చిన ఏసీలకు ఆ నెలలోనే గిరాకీ పడిపోయింది. ఆపైన చలికాలం. ఇందులో మీ తప్పు లేదు, పన్ను తగ్గుతుందని ముందే కనిపెట్టమని ఎవరూ అనరు. కానీ కొన్న సరుకు ధర మీ చేతిలో లేని కారణంతో ఒక్క రోజులో పడిపోగలదు. అలాంటి చోట మిగులు డబ్బు పెట్టొచ్చు, ఇంటి బియ్యం డబ్బు పెట్టకూడదు.

ఇక ఆ యాప్ లోన్. నూటికి రెండు రూపాయలే కదా అని తేలిగ్గా రాశారు, చదివి నాకు కోపం వచ్చింది. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయలు అంటే మిగిలిన అసలు మీద. యాప్ వాడు వేసింది మొదటి రోజు అసలు 80,000 మీద, పన్నెండు నెలలూ. అంటే వడ్డీ 19,200. ఈఎంఐ 8,267. పైగా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ కలిపి 2,832 కోసుకుని మీ ఖాతాలో వేసింది 77,168. ఇవన్నీ కలిపి లెక్క కడితే ఏడాదికి 49 శాతం దగ్గర తేలుతుంది. నూటికి నాలుగు రూపాయల పైమాటే. లోన్ ఇచ్చే ముందు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది, ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ రేటు అదే. ఆర్‌బీఐ దాన్ని తప్పనిసరి చేసిందే మీలాంటి వారి కోసం. మీరు దాన్ని కిందికి జరిపేసి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కారు, అవునా?

ఇంకో అంకె చూడండి. జీతంలో ఖర్చు పోను మీకు మిగిలేది 6,000. ఈఎంఐ 8,267. ప్రతి నెలా 2,267 తక్కువ. అంటే నెలకో వస్తువు అమ్ముడుపోతే తప్ప ఇల్లు గడవని స్థితి మీరే కొని తెచ్చుకున్నారు. అమ్మి తీరాల్సిన వాడి దగ్గర బేరం ఎటు నడుస్తుందో పైన చెప్పాను.

52,000 లాభం కూడా కొన్న ధర, అమ్మిన ధర మధ్య తేడా మాత్రమే. మీ లిస్టులోనే వెనక పేజీలో ఉన్న ట్రాలీ ఆటో కిరాయిలు 9,800, మెకానిక్‌కు ఇచ్చింది 7,500, మూడుసార్లు బెంగళూరు వెళ్లొచ్చిన ఖర్చు 6,000 తీసేస్తే మిగిలేది 28,700. లోన్ ఫీజు, నాలుగు ఈఎంఐలలో పోయిన వడ్డీ కలిపి దాదాపు 12,900. మిగిలింది 15,800. ఎనిమిది నెలలు, ఆదివారాలన్నీ పెట్టి, నెలకు రెండు వేలు కూడా లేదు. మొదటి మూడు నెలలు మాత్రం మీరు బాగా చేశారు. జేఎన్‌టీయూ పిల్లలు మే, జూన్‌లలో గదులు ఖాళీ చేస్తూ వదిలించుకునే కూలర్లు, పరుపులు, టేబుళ్లు 20,000 పెట్టుబడితో తిప్పారు. ఒక్కటీ పది రోజులకు మించి ఇంట్లో లేదు. మీకు వస్తువు చూసే కన్ను ఉంది. అప్పు తెచ్చి పెద్ద వస్తువుల్లోకి దిగాకే చెడింది.

ఇప్పుడు చేయాల్సినవి. షాపు టోకెన్ 5,000 వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోనివ్వండి. యాప్ లోన్ ఇప్పుడు మూసేయాలంటే దాదాపు 57,000 కట్టాలి, ముందే మూసినందుకు చార్జీ ఉందేమో అడగండి. బంగారం అంటూ ముట్టుకుంటే ఈ ఒక్క పనికే ముట్టుకోండి. ఆ 57,000కి ఎన్ని గ్రాములు కావాలో అన్నే, అదీ బ్యాంకులో. బ్యాంకు గోల్డ్ లోన్ నూటికి రూపాయి లోపే పడుతుంది. అయితే నగలు మీ ఆవిడవి, యాప్ లోన్ సంగతి ఆమెకు తెలియదని మీరే రాశారు. ముందు ఆమెకు మొత్తం చెప్పండి, తర్వాత బ్యాంకుకు వెళ్లండి.

ఫ్రిజ్, ల్యాప్‌టాప్ ఈ నెలలోనే అమ్మేయండి. 25,000 వస్తుందనుకుంటున్నాను. అది అప్పులకు కట్టకండి. విడిగా ఖాతాలో వేసి మర్చిపోండి. అప్పు ఉండగా డబ్బు ఊరికే ఉంచుకోవడమేమిటని అడుగుతారు. మళ్లీ ఒకరు జారిపడితే మళ్లీ యాప్ తెరవకుండా ఉండటానికి. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడను. ఏసీలను మాత్రం మార్చి దాకా ఆపండి. అనంతపురం ఎండల్లో పాత ఏసీకి 15,000 అయినా పలుకుతుంది, జనవరిలో అడిగేవాడే ఉండడు.

స్కూటర్ దగ్గర ఆగాలి. కేఏ నంబరు బండి, ఆర్సీ ఇంకా బెంగళూరు ఆయన పేరు మీదే ఉంది. రోజూ మీరు దాని మీదే ఆఫీసుకు వెళ్తున్నారు. ఇన్సూరెన్స్ మీ పేరుకు మారలేదు కాబట్టి బండి దెబ్బతిన్నా, పోయినా మీరు క్లెయిమ్ అడగలేరు. ఓనర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా మీకు వర్తించదు. డిసెంబరులో అమ్మిన బండికి కూడా ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోలేదని రాశారు. చేతులు ఎన్ని మారినా ఆర్సీలో పేరున్నవారినే ఓనర్‌గా చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బండి ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ లేకపోతే, పరిహారం నోటీసు ఆర్సీలో పేరున్న పాత ఓనర్‌కు వెళ్తుంది. ఆయన మీ నంబరు వెతుక్కుంటాడు. మీ దగ్గరున్న బండికి బెంగళూరు ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెప్పించండి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో కనుక్కోండి, అవి పోను 35,000కి పోతే సంతోషించండి. అప్పటిదాకా బండి ఇంటి దగ్గర పెట్టి బస్సెక్కండి.

ల్యాప్‌టాప్‌కు బిల్లు లేదన్నారు. ఇకపై బిల్లో, అమ్మినవారి ఐడీ కాపీయో లేకుండా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ముట్టుకోకండి. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబరును కేంద్ర ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో చూసుకోండి. దొంగ సొత్తు మీ ఇంట్లో దొరికితే చెప్పుకోవడానికి లాయరు ఖర్చు ఉంటుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని మీకు తెలిసే ఉంటుంది. అయినా చెబుతున్నాను, ఎందుకంటే మా అమ్మాయి సైకిల్ అమ్మకానికి పెడితే ‘ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది’ అంటూ ఒకడు క్యూఆర్ కోడ్ పంపాడు. ఇరవై ఏళ్లుగా డబ్బు గురించి రాస్తున్న నేను కూడా స్కాన్ చేయబోయి ఆగాను. పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ ఉండదు. ఎన్టీఆర్ వైద్య సేవ మీ కుటుంబానికి వర్తిస్తుందో లేదో సచివాలయంలో అడగండి. మీకు, భార్యకు, బాబుకు కలిపి ఒక పాలసీ, అమ్మకు విడిగా ఒకటి తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ ఆ సెప్టెంబరు నుంచే లేదు. మీ పేరు మీద టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా ఈ ఏడాదిలోనే. ముద్ర లోన్ చెడ్డది కాదు, కానీ అదీ అప్పే. రెండేళ్ల లెక్కల పుస్తకం ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. కొని అమ్మితే వచ్చేది వ్యాపార ఆదాయమే కాబట్టి ఆ పుస్తకం ఎలాగూ కావాలి.

అన్నీ నేను చెప్పిన ధరకే అమ్ముడుపోతే 1,05,000 వస్తుంది. చేబదులు 15,000, బంగారం లోన్ 57,000 తీరితే మీ దగ్గర 33,000 మిగులుతుంది. నెలకు 6,000 చొప్పున వేసుకుంటూ పోతే 1,26,000 చేరడానికి ఇంకో పదిహేను, పదహారు నెలలు. ఎనిమిది నెలల వ్యాపారానికి ఇది బిల్లు. ఈలోగా కూలర్లు, టేబుళ్లు తిప్పుకోండి, నాకు అభ్యంతరం లేదు. జేబులోంచి 20,000 దాటకుండా, ఒకటి అమ్మాకే ఇంకొకటి కొంటూ.

ఏసీలు అమ్ముడుపోయాక మళ్లీ రాయండి. ఈసారి ట్రాలీ కిరాయి వెనక పేజీలో కాకుండా ముందు పేజీలోనే ఉండాలి.