తాతయ్య బి.ఎస్.ఏ. వైరింగు గురించి బుజ్జికి

విజయవాడ

బుజ్జీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. పెరట్లో పడున్న తాతయ్య బి.ఎస్.ఏ. మోటారు సైకిలుని నువ్వు హైదరాబాదు తోలించుకున్నావట. ఇంజిన్ పని మెకానిక్‌కి అప్పగించి వైరింగు మాత్రం నువ్వే వేస్తానంటున్నావట. "కరెంటుతో ఆటలొద్దని నువ్వైనా చెప్పు" అంది. నేనలా చెప్పను. ఆరు వోల్టుల బ్యాటరీ మనిషిని ఏమీ చెయ్యదు, బండిని చేస్తుంది. మనింట్లో ఒకరికి మీటరు పట్టుకోవాలని బుద్ధి పుట్టినందుకు లోపల సంతోషంగానే ఉంది గానీ, రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెబితే సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను.

ముందు ట్యాంకు దించు. దించకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ పని చూడు. పెట్రోలు డబ్బాలోకి తీసి, డబ్బా గది బయట పెట్టు. మంటలార్పే కిలో పౌడరు సిలిండరు ఒకటి కొని గుమ్మం దగ్గర ఉంచుకో. నవ్వకు.

పాత వైర్లు పీకేముందు ఫోటోలు తియ్యి, ప్రతి కొసకీ కాగితం టేపు చుట్టి పేరు రాయి. రంగుల్ని నమ్మకు. డెబ్బై ఏళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో, ఎవరి దగ్గర ఏ రంగు వైరుంటే అది వేసి ఉంటారు.

ఈ బండిలో రెండు కరెంట్లున్నాయి. ఒకదాని గొడవ ఒకదానికి పట్టదు. ఈ సంగతి బుర్రకెక్కితే సగం వైరింగు వచ్చేసినట్టే. పాయింట్లు, కాయిలు ఉన్న బుల్లెట్‌కి బ్యాటరీ చచ్చిపోతే స్పార్కు రాదు. మన బి.ఎస్.ఏ. ఎం20కి అలా కాదు. సిలిండరు వెనక కూర్చున్న లూకాస్ మాగ్‌డైనోలో కింది భాగం మాగ్నెటో, పైన పట్టీతో బిగించిన గొట్టం డైనమో. మాగ్నెటో తన అయస్కాంతంతో తానే స్పార్కు పుట్టిస్తుంది, దానికి బ్యాటరీతో పనే లేదు. లైట్లకి, హారనుకి, బ్యాటరీ చార్జింగుకి డైనమో. అందుకే వైరింగంతా మాడిపోతున్నా ఈ బండి టుకుటుకుమంటూ నడుస్తూనే ఉంటుంది. ఇదే నా భయమంతా. దాని దగ్గరికే వస్తున్నాను.

మాగ్నెటో సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. పాయింట్ల గ్యాపు 0.3 మిల్లీమీటరు, గేజి పెట్టి చూడు, కంటితో కాదు. స్పార్కు లేకపోతే ముందు హ్యాండిల్ మీది ఇంజిన్ ఆపే బటన్ వైరు విప్పేసి చూడు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలితే మాగ్నెటో నోరు మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్టయితే అది లోపలి కండెన్సరు జబ్బు. కండెన్సరు లోపల తిరిగే ఆర్మేచర్లోనే ఉంటుంది, అది రివైండింగు చేసేవాళ్ళ పని. నువ్వే విప్పాలని ముచ్చటపడితే మాత్రం, ఆర్మేచరు లాగేముందు ప్లగ్గు వైరు పికప్పునీ, పక్కనున్న ఎర్త్ బ్రష్షునీ తీసెయ్యి. మర్చిపోతే స్లిప్ రింగు పుటుక్కుమంటుంది. అన్నట్టు, ఆరు వోల్టులు ఏమీ చెయ్యవన్నాను గానీ ప్లగ్గు వైరు అలా కాదు, మోచేతి దాకా జివ్వుమంటుంది.

ఇప్పుడు డైనమో. దానికి రెండే టెర్మినళ్ళు, డి, ఎఫ్. డి నుంచి కరెంటు బయటికొస్తుంది. ఎఫ్ అయస్కాంతం పుట్టించే ఫీల్డు కాయిలుది, ఆ కాయిలు రెండో కొస లోపలే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఈ రెండూ మనం కటౌటు అని పిలిచే రెగ్యులేటరు డబ్బాకి వెళతాయి. డబ్బా మీద వరసగా ఎఫ్, ఏ, డి, ఇ అని నాలుగు టెర్మినళ్ళు. ఏ నుంచి అమ్మీటరుకి, అక్కణ్ణుంచి బ్యాటరీకి. ఇ ఫ్రేమ్‌కి. ఈ ఇ వైరుని చాలామంది చిన్నచూపు చూస్తారు. డబ్బా లోపలి కాయిళ్ళన్నీ దాని మీదే ఆధారపడి పనిచేస్తాయి. అది ఊడితే డబ్బాలో డైనమోని బ్యాటరీకి కలిపే కటౌటు స్విచ్చు మూసుకోదు, చార్జింగు రాదు, పైగా డైనమో వోల్టేజికి అదుపు తప్పి ఫీల్డు కాయిలు మాడుతుంది. వదులుగా ఉంటే బ్యాటరీ నీళ్ళు మరుగుతాయి. ఇక్కడ మంచి వైరు, మంచి బోల్టు వెయ్యి.

డైనమో బాగుందో లేదో తెలియాలంటే దాన్ని మాగ్‌డైనో నుంచి విడదీసి, డి, ఎఫ్ రెండిటినీ కలిపి బ్యాటరీ లైవ్ కొసకీ, అంటే ఫ్రేమ్‌కి బిగించని కొసకీ, బాడీని ఎర్త్ కొసకీ తగిలించు. మోటారులా నింపాదిగా తిరగాలి. తిరగకపోతే కార్బన్ బ్రష్షులు, అవి ఒరుసుకునే కామ్యుటేటరు చూడు. నల్లగా ఉంటే పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్నటి గాజు కాగితంతో రుద్దు. ఎమరీ వద్దు, దాని రజను రాగి పట్టీల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తుంది. బండి మీద పరీక్ష ఇంకోటుంది. డి, ఎఫ్ వైర్లు విప్పి, రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరుతో కలిపి, మీటరు ఒక కొస అక్కడా ఇంకో కొస బాడీకీ పెట్టి, ఇంజిన్ నెమ్మదిగా లేపు. సూది చకచకా పైకెళ్ళాలి. 10 వోల్టులు దాటనివ్వకు, దాటితే ఫీల్డు పోతుంది.

ట్యాంకు దించావుగా, ఇప్పుడు ఫ్రేమ్ పై గొట్టం కింద చూడు. స్టీరింగు మెడకి జానెడు వెనక రంగు పొక్కి, నల్లటి చార ఉంటుంది. దాని మీద ఇసుక కాగితం పట్టేముందు అది ఎలా వచ్చిందో విను.

బ్యాటరీ చచ్చిపోతే కొత్తది వేశారు. వేసిన కుర్రాడు పాత బ్యాటరీ ఏ కొస ఎర్త్‌లో ఉందో చూడలేదు. లారీలకీ కార్లకీ మైనస్సేగా ఎర్త్ అనుకుని మైనస్‌ని ఫ్రేమ్‌కి బిగించాడు. ఆ బండేమో ప్లస్ ఎర్త్, అంటే ప్లస్ కొస ఫ్రేమ్‌కి ఉండాల్సింది. లైటు వెలిగింది, హారను మోగింది. వాటికి కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే కదా. కిక్ కొడితే స్టార్టయింది, మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదన్నానుగా. తప్పు జరిగిందని చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు.

డైనమో ఇనుములో పాత అయస్కాంతం కాస్త మిగిలే ఉంటుంది, దానికి కొత్త బ్యాటరీ సంగతి తెలియదు. అది పాత వైపుకే వోల్టేజి పుట్టిస్తుంది. కటౌటు కాయిలు ప్లస్సా మైనస్సా అని చూడదు, ఆరున్నర వోల్టుల దగ్గర టక్కున మూసుకుంటుంది. మామూలుగా అయితే అటు ఆరు, ఇటు ఆరున్నర, తేడా అర వోల్టు, నాలుగైదు ఆంపియర్లు మెల్లగా బ్యాటరీలోకి పోతాయి. ఇక్కడ అలా కాదు. రెండూ ఒకదాని వెనక ఒకటి నిలబడినట్టయి పన్నెండు వోల్టుల పైచిలుకు ఆ చిన్న కాంటాక్టుల మీద పడుతుంది. కాంటాక్టులు కరిగి అతుక్కుంటాయి. అతుక్కున్నాక ఇంజిన్ ఆపినా లాభం లేదు. బ్యాటరీ కరెంటంతా డైనమోలోకి పోతూనే ఉంటుంది. డైనమో మోటారులా తిరుగుదామని చూస్తుంది గానీ ఇంజిన్‌కి పళ్ళతో కట్టేసి ఉంది కదా, కదల్లేదు. కదలని ఆర్మేచరు కరెంటు తాగుతూనే ఉంటుంది. తొమ్మిది ఆంపియర్లు మోసే వైరులో ఇరవై పోతే ముందు వేడి, తర్వాత పైతొడుగు మెత్తబడటం, ఆ తర్వాత లోపలి రాగి ఫ్రేమ్‌కి తగలటం. తగిలిన క్షణాన అది వందల ఆంపియర్ల సంగతి. ఆ వైరు వెళ్ళేది ట్యాంకు కింద నుంచి. దాన్ని ఆపే తాళం బండిలో లేదు, ఫ్యూజు అసలే లేదు.

తాతయ్య టీ తాగటానికి ఆపాడు. బండి పక్కన ఎవరూ లేరు. సీటు కింద పొగ చూసి హోటలు వాడు కేక వేశాడు. ఆయన పరుగెత్తుకొచ్చి కటింగ్ ప్లయరుతో బ్యాటరీ వైరు తెంపాడు. కారుతున్న పెట్రోలు కుళాయి అప్పటికి వారం కిందటే మార్పించాడు, లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో. ఆ బ్యాటరీ బిగించిన కుర్రాడెవరని మీ అమ్మని అడక్కు. దానికి తెలియదు. తాతయ్యకి తెలుసు, పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి మొదట తేల్చాల్సింది ఎర్త్ ఏ కొస అని. ఫ్రేమ్ నంబరు ముందు డబ్ల్యూ.ఎం.20 అని ఉంటే యుద్ధకాలపు బండి, అది మైనస్ ఎర్త్‌తో పుట్టింది. 1950ల మొదట్లో లూకాస్ వాళ్ళు ప్లస్ ఎర్త్‌కి మారారు. కానీ పుట్టుక చూసి సరిపెట్టుకోకు, డైనమోనే అడుగు. ప్లగ్గు విప్పి, డి, ఎఫ్ వైర్లు తీసేసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పు. డిజిటల్ మీటరు ఎర్ర కొస డి మీద, నల్ల కొస బాడీకి. వోల్టులో పదో వంతో ఎంతో కనిపిస్తుంది. మైనస్ గుర్తు వస్తే ప్లస్ ఎర్త్, రాకపోతే మైనస్ ఎర్త్. నీకు రెండోది కావాలంటే మార్చుకోవచ్చు, తప్పేం లేదు. బ్యాటరీ ఎర్త్ కొస బాడీకి పెట్టి, లైవ్ కొసని ఎఫ్ టెర్మినల్‌కి ఒకటి రెండు క్షణాలు తాకించు, చిటుక్కుమంటుంది, అంతే. ఇందాక చెప్పిన మోటారు పరీక్ష చేసినా అయస్కాంతం ఆ బ్యాటరీ వైపుకే తిరుగుతుంది, అందుకే ఆ పరీక్ష అప్పుడు కొసలు తారుమారు చేయకు. మార్చాక అమ్మీటరు ఉల్టా చూపిస్తుంది, దాని రెండు వైర్లు అటూఇటూ మార్చు. పాత డబ్బాలో ఎలక్ట్రానిక్ కటౌటు పెడదామనుకుంటే అది ఏ ఎర్త్‌దో అడిగి కొను.

తర్వాత ఫ్యూజు. బ్యాటరీ లైవ్ వైరు మీద, బ్యాటరీకి బెత్తెడు దూరంలో, 15 ఆంపియర్లది. 30 వాట్ల హెడ్‌లైటుకి 5 ఆంపియర్లు, వెనక లైటుకి ఒకటి, హారనుకి మూడు నాలుగు, అన్నీ కలిపినా పది దాటవు. పాత సామాన్లలో 35 అని రాసిన లూకాస్ గాజు ఫ్యూజులు దొరుకుతాయి. అది తెగే లెక్క, నిలకడగా మోసేది దాదాపు 17. ఆ అంకె చూసి ఇప్పటి బజారులో 30దో 35దో కొని వేశావంటే ఫ్యూజు కంటే ముందు వైరు తెగుతుంది.

డైనమో, అమ్మీటరు, బ్యాటరీ వైర్లు 2 చదరపు మిల్లీమీటర్లవి, మిగతావి 1. ఇంకా లావువి వేస్తే నష్టం లేదు, స్టీరింగు మెడ దగ్గర వంగవు, అంతే. ఆరు వోల్టులకి లూజు కనెక్షను పెద్ద శత్రువు. అర వోల్టు దారిలో పోతే హెడ్‌లైటు వెలుగులో నాలుగో వంతు పోయినట్టే. లైటు వేసి ఉంచి, బ్యాటరీ లైవ్ నుంచి బల్బు దాకా మీటరు పెట్టు. 0.3 వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో తుప్పు కూర్చుంది. ఎర్త్ వైపూ అలాగే చూడు. ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయిస్తావట, అందంగానే ఉంటుంది, కరెంటుకి మాత్రం అది గోడ. ఎర్త్ బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి, బిగించాక వాజలీను పూయి. హెడ్‌లైటుకి వేరే ఎర్త్ వైరు లాగు. గ్రీజు నిండిన స్టీరింగు బేరింగుల గుండా కరెంటు తిరిగొస్తుందని ఆశపడకు.

కొసలకి సోల్డరింగు పెడితే టంకం ఆగిన చోట వైరు బిరుసెక్కి, ఆ ఒంటి సిలిండరు అదురుకి అక్కడే తెగుతుంది. మంచి క్రింపింగు చేసి స్లీవు తొడుగు. హ్యాండిల్ కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూసి, ఎక్కడా లాగకుండా, నలగకుండా వైరు వదులు ఉంచు. ట్యాంకు బోల్టుల దగ్గర అసలు పోనివ్వకు.

అంతా అయ్యాక ఫ్యూజు పెట్టకు. ఫ్యూజు స్థానంలో ఆరు వోల్టుల హెడ్‌లైటు బల్బు ఒకటి రెండు వైర్లతో కట్టు. స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉంటే ఆ బల్బు వెలగకూడదు. భగ్గున వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. వెలిగినా భయం లేదు, బల్బు తాగేదానికి మించి కరెంటు పోదు, వైరు మాడదు. నింపాదిగా ఒక్కో వైరు విప్పుతూ వెతుక్కో. ఆరిపోయిన చోట తప్పు దొరుకుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు ఎర్త్ కొస, బిగించేటప్పుడు చివర ఎర్త్ కొస. స్పానరు జారి ఫ్రేమ్‌కి తగిలినా ఏమీ కాకుండా ఉండటానికి.

బల్బు పరీక్ష చేసే రోజు ట్యాంకు ఇంకా కిందే ఉండాలి. ఆ రోజు నాకు ముందు ఫోన్ చెయ్యి. పొద్దున ఏడింటికి చెయ్యి, మీ అత్తయ్య గుడికి వెళ్ళాక, వీడియోలో మీటరు చూపిస్తూ ఒక్కో టెర్మినలూ చదువు. ఆ నల్లచార మాత్రం, నీకు అభ్యంతరం లేకపోతే, రంగు వేయకుండా అలాగే వదిలెయ్యి.

మావయ్య