కరాటే మాస్టారు వద్దంటున్నారు, అబ్బాయి బాక్సింగ్ అంటున్నాడు

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబుకి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఏడేళ్ల వయసు నుంచి కరాటే నేర్చుకున్నాడు, బ్లాక్ బెల్ట్ వచ్చింది. ఏడాదిగా ముయే థాయ్ (థాయ్‌లాండ్ పోరాట విద్య) కూడా నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు బాక్సింగ్ కోచ్ దగ్గర చేరతానంటున్నాడు. తర్వాత బ్యాంకాక్ వెళ్లి ట్రైనింగ్ తీసుకుని కోచ్‌గా స్థిరపడతాడట. కరాటే మాస్టారేమో బాక్సింగ్ పట్టుకుంటే పదేళ్ల ఫామ్ పాడవుతుందని, పాశ్చాత్య బాక్సింగ్ వచ్చి ఆసియా విద్యలన్నింటినీ మింగేసిందని అంటున్నారు. మా వారు ఇంజినీరింగ్ తప్ప వేరే మాట వినరు. నాకు ఏం తోచడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, మాస్టారి మాటతో మొదలుపెడతాను. ఆయన్ని కాదనడానికి మీకు మొహమాటంగా ఉన్నట్టుంది. పదేళ్లు పిల్లవాణ్ని తీర్చిదిద్దిన మనిషి కాబట్టి అది సహజమే. కానీ ఆసియా విద్యల్ని బాక్సింగ్ మింగేసిందనే మాట చరిత్రకు నిలవదు. చాలా చోట్ల ఆ విద్యల పెద్దలే బాక్సింగ్‌ని పిలిచి మరీ ఇంట్లో పెట్టుకున్నారు.

మీ బాబు నేర్చుకుంటున్న ముయే థాయ్‌నే చూడండి. నూరేళ్ల కిందట థాయ్ యోధులు చేతులకు నూలు తాళ్లు చుట్టుకుని ఆరుబయట తలపడేవారు. 1921లో బ్యాంకాక్‌లోని సువాన్ కులాప్ కాలేజీలో రింగ్ కట్టారు. ఆ దశాబ్దం చివరికి, ఒక పోటీలో యోధుడు చనిపోయాక, తాళ్లు పోయి గ్లౌజులొచ్చాయి. 1945లో రాజదమ్నోన్ స్టేడియం, 1956లో లుంపినీ స్టేడియం వచ్చి స్థిరపడేసరికి ఆటకు కొత్త చట్రం బిగిసింది. చుట్టూ తాళ్లున్న రింగ్, గ్లౌజులు, మూడేసి నిమిషాల రౌండ్లు, బరువును బట్టి తరగతులు, పాయింట్లు వేసే జడ్జీలు, అంతా బాక్సింగ్ పద్ధతే. ఇంగ్లండ్‌లో 1867లో అచ్చయిన క్వీన్స్‌బరీ నిబంధనల్లో మూడు నిమిషాల రౌండు, గ్లౌజులు రెండూ ఉన్నాయి. మోచేయి, మోకాలు, కాలు మాత్రం థాయ్‌వాళ్లు ఎవరికీ వదల్లేదు. జడ్జీలు ఇప్పటికీ ఉత్త పంచ్ కంటే కిక్‌కి, మోకాలి దెబ్బకి ఎక్కువ విలువిస్తారు.

తర్వాత ఆ థాయ్ కుర్రాళ్లే బాక్సింగ్‌లోకి నడిచి వెళ్లారు. సేన్సక్ ముయాంగ్‌సురిన్ 1975లో తన మూడో ప్రొఫెషనల్ బాక్సింగ్ మ్యాచ్‌లోనే ప్రపంచ టైటిల్ గెలిచాడు. ముయే థాయ్ నుంచి వచ్చిన ఖావోసాయ్ గెలాక్సీ 1984 నుంచి 1991 దాకా ప్రపంచ చాంపియన్, పందొమ్మిది సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. థాయ్‌లాండ్‌కి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన సోమ్లక్ కామ్సింగ్ (అట్లాంటా, 1996) కూడా ముయే థాయ్ రింగ్‌లో పేరున్నవాడే. వీళ్లెవరి వల్లా ముయే థాయ్ చిన్నబోలేదు.

కరాటే ఇంట్లోనూ ఇదే జరిగింది. ‘కిక్ బాక్సింగ్’ అనే పేరు 1966లో జపాన్‌లో పెట్టిన నొగుచి ఒసాము ఒక బాక్సింగ్ ప్రమోటర్. కరాటే, ముయే థాయ్ కలిపి బాక్సింగ్ రింగ్‌లో నిలబెట్టాడు. 1993లో కె-వన్ అనే కిక్ బాక్సింగ్ పోటీలు పెట్టిన ఇషీ కజుయోషి స్వయంగా కరాటే మాస్టారు. క్యోకుషిన్ అనే కరాటే శాఖలో చేత్తో ముఖం మీద కొట్టకూడదు. అలా పెరిగినవాళ్లు కె-వన్‌లో దిగి ముఖం కాచుకోవాలంటే బాక్సింగ్ నేర్చుకోక తప్పలేదు. మీ బాబు గది గోడ మీద బ్రూస్ లీ బొమ్మ ఉండే ఉంటుంది, ఈ వయసులో ఎవరికి లేదు! ఆయన 1958లో హాంకాంగ్‌లో స్కూళ్ల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీ గెలిచాడని మాస్టారికి ఒకసారి గుర్తుచేయమనండి. తర్వాత మహమ్మద్ అలీ ఫిల్ములు మళ్లీ మళ్లీ వేసుకుని ఆ అడుగులు చదువుకున్నాడు.

అయితే ‘ఫామ్ పాడవుతుంది’ అన్నదాంట్లో మాస్టారి అనుభవం ఉంది. దాన్ని కొట్టిపారేయకండి. బాక్సర్ శరీరాన్ని పక్కకు తిప్పి, ముందు కాలి మీద బరువేసి నిలబడతాడు. పంచ్ తప్పించుకోవడానికి తల బాగా కిందికి దించుతాడు. ఎదుటివాడు కాలు వాడకూడదు కాబట్టే ఇవన్నీ చెల్లుతాయి. ముయే థాయ్‌లో అలా తల దించితే మోకాలు ఎదురొస్తుంది, ముందు కాలు బరువుగా ఉంటే లో కిక్‌ని ఆపడానికి ఎత్తలేడు. 1976లో టోక్యోలో అలీకి, జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకికి పోటీ పెట్టారు. ఇనోకి పదిహేను రౌండ్లలో ఎక్కువ భాగం నేల మీద పడుకునే అలీ కాళ్ల మీద తన్నాడు. చూడ్డానికి పరమ విసుగ్గా ఉంటుంది, పోటీ డ్రా అయింది. కానీ అలీ వాచిన కాళ్లతో ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

బాక్సింగ్ వల్ల మీ బాబుకి ఒరిగేవీ ఉన్నాయి. కరాటేలో ఒక చేత్తో కొడుతూ రెండోదాన్ని నడుం దగ్గరికి లాక్కోవడం చిన్నప్పుడే అలవాటు చేస్తారు. స్పారింగ్‌లో (జోడీతో చేసే సాధన పోరులో) ముఖం ఖాళీగా దొరికేది అక్కడే. బాక్సింగ్‌లో కొట్టిన చెయ్యి వెంటనే గడ్డం దగ్గరికి రావాలి. పాయింట్ కరాటేలో దెబ్బ తగలగానే రెఫరీ ఆపుతాడు. బాక్సింగ్‌లో మూడో పంచ్, నాలుగో పంచ్ అప్పుడే మొదలవుతాయి. ఇవి ఆదివారం పూట వీడియోలు చూసి వచ్చేవి కావు. చేరితే బాక్సింగ్ కోచ్ దగ్గరే చేరాలి, కనీసం ఏడాది ఉండాలి. ఆ ఏడాది ముయే థాయ్ పోటీలు మానేయమనండి, లేకపోతే ఏ రింగ్‌లో ఏ అలవాటు బయటికొస్తుందో వాడికే తెలియదు. కరాటే మాస్టారి దగ్గరికి మాత్రం కటాల (ఒంటరిగా వరుస తప్పకుండా చేసే కదలికల) కోసం వారానికోసారి వెళ్లమనండి. ఆ సంబంధం తెగకూడదు, రేపు పిల్లలకు నేర్పి నాలుగు డబ్బులు తెచ్చుకునేది కూడా ఆ కరాటేతోనే కావచ్చు.

ఇక బతుకుతెరువు మాట. బాక్సింగ్ ఆసియాకి ఇచ్చిన వాటిలో పంచ్ కంటే పెద్దది ఆ చట్రం. బరువు తరగతి, నమోదైన ఫలితం, గుర్తింపు ఉన్న సంఘం, ఒలింపిక్స్. ఉద్యోగాలు దీని చుట్టూనే ఉన్నాయి. కరాటే ఒలింపిక్స్‌లో టోక్యోలో ఒక్కసారే కనిపించి వెళ్లిపోయింది. బాక్సింగ్ 2028 లాస్ ఏంజెలెస్‌లో ఉంటుందని 2025 మార్చిలో ఖరారైంది. ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, కోచ్ పోస్టులు ఒలింపిక్ ఆటల వెంటే నడుస్తాయి. అస్సాం అమ్మాయి లవ్లీనా బొర్గొహైన్ అక్కలతో కలిసి ముయే థాయ్‌తోనే మొదలుపెట్టింది. 2012లో సాయ్ (కేంద్ర క్రీడా ప్రాధికార సంస్థ) కోచ్ కంట్లో పడి బాక్సింగ్‌కి మారింది. టోక్యోలో కాంస్యం, 2023లో ప్రపంచ స్వర్ణం గెలిచింది. మీకు దగ్గర్లోని నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

ఈ పేర్లు చూసి ఆశ పెంచుకోకండి. వాళ్లు మీ బాబు కంటే చాలా చిన్న వయసులో గ్లౌజులు తొడిగారు. బాక్సింగ్‌లో పదిహేడు, పద్దెనిమిది యూత్ విభాగం, పంతొమ్మిది నుంచి ఎలైట్. ఇప్పుడు మొదలుపెట్టేవాడు దేశం తరఫున ఆడటం కష్టమే. కానీ యూనివర్సిటీ జట్టులో చోటు అసాధ్యం కాదు, కాళ్ల వేగం, కసరత్తు ముందే ఉన్నాయి కదా. ఆ స్థాయికీ విలువుంది. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో సర్టిఫికెట్లు ఫారాల వారీగా చూస్తారు. దేశానికి ఆడితే ఫారం 1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడితే ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. ఇప్పటిదాకా వచ్చిన కరాటే మెడల్స్ అన్నీ తీసి, ఏది ఏ సంఘం ఇచ్చిందో చూడండి. ‘ఓపెన్ ఇంటర్నేషనల్’ అని ఫంక్షన్ హాల్‌లో జరిగి, ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతివాడికీ ఏదో ఒకటి మెడలో పడే పోటీలవైతే, అవి షోకేసులోకే పనికొస్తాయి. ఇది చెబితే చాలామంది తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, కానీ నోటిఫికేషన్ వచ్చిన రోజున తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మంచిది.

కోచ్ కావాలంటే మన దేశంలో చెల్లుబాటయ్యేది పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా, అందరూ ఎన్‌ఐఎస్ అంటారు. బాక్సింగ్ అందులో ఉంది. మామూలుగా డిగ్రీతో పాటు ఆటలో ఒక స్థాయి రికార్డు అడుగుతారు, కచ్చితమైన అర్హత ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. స్కూల్లో పీఈటీ ఉద్యోగం మీదికి మనసు పోతే పీఈసెట్ (వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష) రాసి ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్ చేయొచ్చు. బ్యాంకాక్ క్యాంపు సర్టిఫికెట్ వీటికి సమానం కాదు. హైదరాబాద్‌లో ఒక జిమ్‌లో కిక్ బాక్సింగ్ క్లాసు చెప్పుకోవడానికి, పోస్టర్ మీద వేసుకోవడానికి అది బాగుంటుంది. వెళ్లనివ్వండి, కానీ డిగ్రీ అయ్యాక, వాడు సంపాదించిన డబ్బుతో, నెలో రెండు నెలలో.

మీరు అడగలేదు గానీ, తల దెబ్బల సంగతి చెప్పాలి. గ్లౌజులు కొట్టేవాడి వేళ్లనే ఎక్కువగా కాపాడతాయి, తినేవాడి మెదడుని అంతగా కాపాడవు. కరాటేలో ఇన్నాళ్లూ తగలనివి ఇప్పుడు రోజూ తగలొచ్చు. చేర్చేముందు కోచ్‌ని రెండు మాటలు అడగండి: వారంలో ఎన్ని రోజులు గట్టి స్పారింగ్ పెడతారు, తలకు దెబ్బ తగిలి తూలినవాణ్ని మళ్లీ ఎప్పుడు రింగ్‌లోకి రానిస్తారు. రోజూ స్పారింగ్ అన్నా, ‘మర్నాడే దింపుతాం, భయం పోవాలి కదా’ అన్నా ఇంకో కోచ్‌ని వెతకండి. నాకౌట్ అయితే కనీసం నెల రోజులు స్పారింగ్ ఉండకూడదు, తిరిగి దిగడానికి డాక్టర్ ఒప్పుకోవాలి.

మీ వారి ఇంజినీరింగ్‌కి, దీనికి నిజానికి గొడవ లేదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలూ వెళ్తారు, ఫారం 3 వాళ్లకూ అదే. బాబుకి లెక్కలు ఇష్టమేనా అన్నది వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరిద్దరే అడగాలి. ఇష్టం లేకపోతే నాలుగేళ్ల ఫీజు కట్టి చివర్లో కోచింగ్‌కే వస్తాడు, అంతకంటే ముందే బీఎస్సీలో చేరి పీఈసెట్ దారి పట్టడం మేలు. ఇష్టమే అంటే, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు బ్రాంచ్ ఒక్కటే చూడకండి. బాక్సింగ్ హాలు అరగంట దూరంలో ఉందా, కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులో నిజంగా మనిషి ఉన్నాడా, పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇస్తారా అని కనుక్కోండి. హాజరు సంగతి మాత్రం ఫీజు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.