నాస్ బాక్సు దానంతటదే ఆగుతుందన్న దుకాణదారుడి హామీ: నష్టపరిహారం కోరవచ్చా?

ప్రశ్న: తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. నేను, నా తమ్ముడు తప్ప పనివాళ్లు లేరు. ఏడాది కిందట హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో 41,000 రూపాయలకు డిస్కులతో సహా నాస్ బాక్సు (నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే పెట్టె), 4,600 రూపాయలకు యూపీఎస్ కొన్నాను. పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి అని చెప్పి, తగిన యూపీఎస్ ఏదో వారినే ఎంచమన్నాను. ‘కరెంటు పోతే బాక్సు దానంతటదే షట్‌డౌన్ అవుతుంది’ అని వాట్సాప్‌లో రాశారు. మూడు నెలల కిందట రాత్రిపూట కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ అయిపోగానే రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. తిరిగి ఆన్ చేస్తే వాల్యూమ్ (డిస్కుల్లో ఫైళ్లు దాచిన భాగం) తెరుచుకోలేదు. పదకొండు పెళ్లిళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. ఆ ఫైళ్లను తిరిగి రాబట్టే రికవరీకి 65,000 రూపాయలు అడుగుతున్నారు. దుకాణదారుడు మాత్రం వారంటీ కార్డులో ‘డేటా నష్టానికి బాధ్యత లేదు’ అని ఉందంటున్నారు. నాకు దారి ఉందా?

జవాబు: మీ లేఖ చదివితే బాధ కలిగింది. పెళ్లి ఫోటోలు మళ్లీ తీయగలిగినవి కావు. అయితే మీ దగ్గర ఉన్న ఆ వాట్సాప్ సందేశం చాలా విలువైనది. మీ కేసు నిలబడేది యూపీఎస్ చెడిపోయిందన్న వాదన మీద కాదు, ఆ సందేశం మీదే.

ముందుగా, వ్యాపారానికి కొన్నవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరన్న అభ్యంతరం ప్రతివాది తప్పక లేవనెత్తుతారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి పొందడం కోసమే కొని స్వయంగా వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదు. కుటుంబ సభ్యులో, ఒకరిద్దరు సహాయకులో ఉన్నంత మాత్రాన ఈ రక్షణ పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. కాబట్టి స్టూడియోయే మీ జీవనాధారమని, తమ్ముడు తప్ప పనివాళ్లు లేరని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. ఆ మాట రాయకపోవడం వల్ల మంచి కేసులు కూడా తొలి మెట్టులోనే ఆగిపోతుంటాయి.

ఇక అసలు విషయం. నాస్‌కు యూపీఎస్ కరెంటు అందిస్తే చాలదు. బ్యాటరీ తగ్గిపోతోందన్న సంకేతం కూడా అందాలి. సాధారణంగా ఆ సంకేతం యూఎస్‌బీ కేబుల్ ద్వారా వెళ్తుంది. అది అందినప్పుడే నాస్ మెమరీలో మిగిలిన సమాచారాన్ని డిస్కులకు రాసి, వాల్యూమ్‌ను మూసి, సవ్యంగా ఆగుతుంది. అందకపోతే రాత మధ్యలోనే కరెంటు తెగి, ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చూపే అమరిక) దెబ్బతినవచ్చు. మీ యూపీఎస్ వెనుక భాగం ఒకసారి చూడండి. సాకెట్లు తప్ప డేటా పోర్టు లేకపోయినా, ఉన్న యూఎస్‌బీ పోర్టు ఫోన్ ఛార్జింగుకే పరిమితమైనా, దుకాణదారుడు చెప్పిన పని ఆ యంత్రం ఏనాడూ చేయగలిగేది కాదు. పోర్టు పనిచేసేదే అయి, కేబుల్ కలపకపోవడమో, నాస్ సెట్టింగుల్లో యూపీఎస్ ఎంపికను ఆన్ చేయకపోవడమో జరిగి ఉంటే, అమర్చింది ఎవరన్నది కీలకమవుతుంది. మీరే అమర్చుకుని ఉంటే కేసు బలహీనపడుతుంది.

కొనుగోలుదారు తన అవసరం చెప్పి, ఆ సరుకుల వ్యాపారం చేసే విక్రేత నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఒప్పందంలో ఉన్నట్లే వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 భావిస్తుంది. మీరే ఫలానా బ్రాండు మోడల్ కావాలని అడిగి ఉంటే ఈ రక్షణ సాధారణంగా దక్కేది కాదు. ఎంపిక వారిదే గనుక మీకు దక్కుతుంది. లేని సామర్థ్యం ఉన్నట్లు చెప్పి అమ్మడం 2019 చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా. వారంటీ కార్డులోని వాక్యం తయారీదారు ఇచ్చే వారంటీకి హద్దు గీస్తుంది. విక్రేత విడిగా రాసి ఇచ్చిన హామీని అది తుడిచేయదని మనం వాదించవచ్చు.

పరిహారం ఎంత అన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. యూపీఎస్ ధర, సహేతుకమైన రికవరీ ఖర్చు అడగడం న్యాయం. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 ప్రకారం, ఒప్పంద సమయంలో ఇరుపక్షాలకూ తెలిసిన నష్టాన్ని కూడా కోరవచ్చు. అందులో పెళ్లి ఫోటోలు ఉంటాయని వారికి తెలుసు. అయితే నష్టాన్ని తగ్గించుకునే మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్ వివరణ చెబుతుంది. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉండటం బ్యాకప్ కాదు; వేరే చోట కాపీ ఎందుకు లేదని తప్పకుండా అడుగుతారు. లక్షల్లో అంకె వేయడం కన్నా, రసీదులతో రుజువయ్యే మొత్తాన్ని అడగడం మేలని నా అనుభవం.

మీరు నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు చేయవచ్చు గనుక హైదరాబాద్ వెళ్లనక్కరలేదు. గుంటూరు జిల్లా కమిషన్ సరిపోతుంది. గడువు రెండేళ్లు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. ముందుగా లీగల్ నోటీసు పంపితే మంచిది.

సాక్ష్యాలను ఈ వారంలోనే భద్రం చేయండి. నాస్ లాగ్‌లో (బాక్సు తానే రాసుకునే సంఘటనల పట్టికలో) కరెంటు పోయిన సమయం, అర్ధాంతరంగా ఆగినట్లున్న నమోదు దొరికే అవకాశం ఉంది. దాన్ని, వాట్సాప్ సంభాషణను ముద్రించి, భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) ప్రకారం ధ్రువపత్రం జతచేయండి. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదానిపై తగ్గింపు ఇస్తామంటే ఒప్పుకోకండి. సెక్షన్ 38 కింద కమిషన్ ప్రయోగశాల పరీక్షకు పంపవలసి వస్తే యూపీఎస్ ఉన్నది ఉన్నట్లు ఉండాలి. డిస్కులను రికవరీకి ఇచ్చేముందు సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోటోలు తీసి, వారి నుంచి రాతపూర్వక నివేదిక తీసుకోండి.

చివరగా, ఆ పదకొండు కుటుంబాల సంగతి. వారి దృష్టిలో సేవాలోపం మీది; వారు మీపై ఫిర్యాదు చేస్తే దుకాణదారుడి తప్పు మీకు పూర్తి రక్షణ కాదు. కాబట్టి జరిగింది దాచకుండా ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేసి, మీరు లోగడ పంపిన పెన్‌డ్రైవ్‌లు, ఆల్బమ్ ఎంపిక కోసం ఇచ్చిన కాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే తిరిగి అడగండి. ఎవరిని ఏ తేదీన అడిగారో, ఏమి దొరికిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. నష్టం తగ్గించడానికి మీరు ప్రయత్నించారనడానికి కమిషన్ ముందు అది సాక్ష్యమవుతుంది.