ఫిలిప్పీన్స్‌లో కుటుంబ విలువలు పోయాయా? అక్కడి అమ్మాయిని కోడలిగా తెచ్చుకోబోయేవాళ్ళు తెలుసుకోవాల్సినవి

మీ అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో మెడిసిన్ చదువుతూ అక్కడి అమ్మాయిని చేసుకుంటానంటున్నాడనీ, ఆ దేశంలో కుటుంబ విలువలు పోయాయని అక్కడివాళ్ళే అనడం విని భయం పట్టుకుందనీ రాశారు. ఏం మారిందో తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఒకరికొకరు బాకీపడి ఉంటామన్న భావం అక్కడ ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఇదివరకు ఆ బాకీని పక్కనే ఉండి, చేతులతో చాకిరీ చేసి తీర్చేవాళ్ళు. ఇప్పుడు డబ్బు పంపి తీరుస్తున్నారు. గొడవల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతున్నాయి.

ఆ బాకీని 'ఊతంగ్ నా లోఒబ్' అంటారు. ఊతంగ్ అంటే అప్పు, లోఒబ్ అంటే లోపల. మనం తల్లిదండ్రుల రుణం అంటామే, దానికి దగ్గరి మాట. కాకపోతే ఇది కన్నవాళ్ళతో ఆగదు. ఫీజు కట్టిన మేనత్తకు, బాప్టిజంలో పక్కన నిలబడ్డ జ్ఞాన తల్లిదండ్రులకు, ఆసుపత్రి ఖర్చుకు ఆదుకున్న పొరుగువాళ్ళకు కూడా వర్తిస్తుంది. 'వాలాంగ్ ఊతంగ్ నా లోఒబ్', అంటే చేసిన మేలు మరిచినవాడు అనిపించుకోవడం అక్కడ చాలా పెద్ద తిట్టు.

1974 నాటి కార్మిక చట్టంతో పైదేశాలకు మనుషుల్ని పంపడం ప్రభుత్వ విధానమే అయింది. 2024లో వాళ్ళు బ్యాంకుల ద్వారా ఇంటికి పంపిన సొమ్ము 3,400 కోట్ల డాలర్లు దాటింది. వెళ్ళేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు చేసే ఇంటిపనే వాళ్ళలో చాలామంది చేస్తారు. తల్లి వెళ్ళాక పిల్లలు 'లోలా' దగ్గర, అంటే అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. లోలాకు ఓపిక తగ్గేసరికి బరువంతా 'ఆతే' మీద పడుతుంది. ఆతే అంటే అక్క. పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల అన్నం వండి, తమ్ముళ్ళ యూనిఫాం ఉతికి, అమ్మ పంపిన డబ్బు తెచ్చి, లెక్క రాసి ఫోన్‌లో చెప్పాలి. చదువు అయ్యాక తోడబుట్టినవాళ్ళలో ముందుగా సంపాదన మొదలుపెట్టి ఇంటికి ఇవ్వాల్సింది కూడా ఆమే. విలువలు పోయాయని ఎవరైనా అంటే ఆ ఇంటి పెద్దకూతురు ఏం చేస్తోందో ఒకసారి అడగమంటాను.

ఇక పెట్టె సంగతి. 'బాలిక్‌బాయన్ బాక్స్' అని పెద్ద అట్టపెట్టె ఉంటుంది. పైదేశాల్లో ఉన్నవాళ్ళు అందులో స్పామ్ (డబ్బాలో వచ్చే పంది మాంసం), కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం) డబ్బాలు, సబ్బులు, చాక్లెట్లు, బూట్లు నెలల తరబడి పోగుచేసి ఓడ మీద పంపుతారు. అర్హులైనవాళ్ళకు ఏడాదిలో మూడు విడతలుగా మొత్తం 1,50,000 పెసోల (పెసో అక్కడి కరెన్సీ) విలువ దాకా సుంకం ఉండదు. బూట్ల కొలత కోసం పిల్లవాడు కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీత గీస్తాడు, ఆ కాగితం అమ్మకు వెళుతుంది. పెట్టె నిండడానికి కొన్ని నెలలు, సముద్రం దాటడానికి ఒకటి రెండు నెలలు. అందుకే తెలిసిన తల్లి గీతకు అరంగుళం వదిలి కొంటుంది. లేకపోతే పెట్టె విప్పేనాటికి ఆ బూట్లు తమ్ముడివవుతాయి.

ఓడల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో తగవు ఇంకో రకం. సీమన్ కాంట్రాక్టు ప్రకారం మూల వేతనంలో కనీసం 80 శాతం ప్రతి నెలా అతను రాసిచ్చిన మనిషికి వెళ్ళాలి. పెళ్ళికి ముందు ఆ పేరు చాలావరకు తల్లిదే. పెళ్ళయ్యాక భార్యది పెట్టాలనుకుంటే తల్లి పేరు తీసేయాల్సి వస్తుంది. ఆ ఒక్క కాగితం మార్చిన నెలలోనే అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఆగిపోయే ఇళ్ళున్నాయి. పేరు మార్చడానికి ముందే తల్లికి చెప్పి, ఆమెకు నెలకు ఇంత అని విడిగా ఖాయం చేసిన ఇళ్ళలో ఆ చిక్కు చాలావరకు రాదు.

ఈ తరం పిల్లలు ఈ లెక్కను నిలదీస్తున్నారు, అది నిజమే. కన్నవాళ్ళను పోషించని పిల్లలకు శిక్ష వేయాలని సెనెటర్ పన్ఫిలో లాక్సన్ 2025 జులైలో మళ్ళీ బిల్లు పెట్టినప్పుడు, పిల్లల్ని పింఛనులా చూడటమేంటని చాలామంది అడిగారు. నిజానికి 1987 నాటి కుటుంబ చట్టం 195వ అధికరణలోనే తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు ఒకరినొకరు పోషించాలని రాసి ఉంది. ఎంత అన్నది మాత్రం ఇచ్చేవాడి తాహతును, తీసుకునేవాడి అవసరాన్ని బట్టి.

పెళ్ళి విషయంలో మార్పు కళ్ళకు కనబడుతుంది. పుట్టే పిల్లల్లో సగానికి పైగా చట్టబద్ధంగా పెళ్ళికాని జంటలకు పుడుతున్నారు. 1973లో ఒక్కో స్త్రీకి సగటున 6 మంది పిల్లలైతే 2022 సర్వేలో 1.9. దీన్ని విచ్చలవిడితనం అనేయడం తప్పు. ముస్లింలకు తప్ప అక్కడ విడాకుల చట్టం లేదు. 2024 మేలో కింది సభ బిల్లు ఆమోదించినా సెనేట్‌లో ఆగిపోయింది. పెళ్ళి చెల్లదని కోర్టులో తేల్చుకోవాలంటే లక్షల పెసోలు, ఏళ్ళ తరబడి తిరుగుడు. ఒకసారి కట్టుబడితే బయటపడే దారి లేదని తెలిసిన పేద జంట ముందు కలిసి ఉండి చూసుకుంటుంది.

మీ అబ్బాయి అక్కడే పెళ్ళి చేసుకుంటే, చట్టపరంగా అడ్డేమీ లేదన్న పత్రం మనీలాలోని మన రాయబార కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. పెళ్ళి లైసెన్సు దరఖాస్తును మున్సిపాలిటీలో 10 రోజులు నోటీసులో పెడతారు, లైసెన్సు వచ్చాక అది 120 రోజులు చెల్లుతుంది. అమ్మాయికి 21 నిండకపోతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. 21 నుంచి 25 మధ్య అయితే వాళ్ళ సలహా తీసుకున్నట్టు కాగితం చూపాలి, లేదంటే లైసెన్సు మూడు నెలలు ఆపుతారు. పెద్దల మాటకు చట్టంలో ఇంకా అంత చోటుంది.

అంతకంటే ముఖ్యం, పెళ్ళికి ముందే డబ్బు మాట విప్పి మాట్లాడించండి. ఆమె ఇంటికి నెలకు ఎంత పంపుతోంది, ఏ తమ్ముడి చదువు ఏ ఏడాదితో అయిపోతుంది, తల్లిదండ్రుల మందుల ఖర్చు ఎవరిది, అనుకోని ఖర్చు వస్తే ఎంతవరకు ఇస్తారు. నెలకింత అని ఒక అంకె, అత్యవసరానికి విడిగా ఇంకో అంకె అనుకుంటే సంసారం నిలుస్తుంది. 'చూద్దాంలే' అని వదిలేస్తే ఆమె మీ వాడికి చెప్పకుండా 'ఫైవ్-సిక్స్' అప్పు తెచ్చి పంపాల్సి వస్తుంది. ఐదు తీసుకుంటే ఆరు కట్టే వడ్డీ అది. అక్కడ ఆ వ్యాపారానికి పేరుపడింది మన దేశంవాళ్ళే, 'బుంబై' అంటారు. వాళ్ళ పెద్దల నోట ఆ మాట వినబడితే మనసులో పెట్టుకోకండి.

చివరిగా, అబ్బాయిని ఒంటరిగా పంపకండి. మగపెళ్ళివారు అమ్మాయి ఇంటికి వెళ్ళి పెద్దల్ని అడగడాన్ని 'పమమన్హికాన్' అంటారు, మెట్లెక్కి వెళ్ళడం అన్న మాట నుంచి వచ్చింది. వండినవి కొన్ని పట్టుకెళ్ళి, అందరూ కూర్చుని తిన్నాకే అసలు మాట ఎత్తాలి. ఇంట్లో చిన్నపిల్లలు వచ్చి 'మానో పో' అని మీ కుడిచెయ్యి అందుకుంటారు. షేక్‌హ్యాండ్ అనుకుని గట్టిగా పట్టుకోకండి. చెయ్యి వదులుగా ఉంచితే, దాని వెనుకవైపు వాళ్ళే నుదుటికి ఆనించుకుంటారు.